ఎవరూ లేరన్న మిషన్

"బ్రౌజింగా పెద్దాయనా?"

"కాదప్పా. ఫ్యాన్ కింద రవ్వంతసేపు కూర్చుంటా. గుంతకల్లు బండికి ఇంకా టైముండాది."

వాసుదేవ్ కుర్చీ చూపించి మళ్ళీ తెరవైపు తిరిగాడు.

ఎర్రగుంట్ల స్టేషన్ ఎదుట ఉన్న ఆ ఇంటర్‌నెట్ సెంటర్‌కు మధ్యాహ్నాలు ఎవరూ రారు. నాలుగు కంప్యూటర్లు, వాటి మీద సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము, వాసుదేవ్. అంతే.

ఆ ఖాళీలోనే అతను స్కీమ్ అనే కంప్యూటర్ భాషను తన పద్ధతిలో తయారు చేసుకున్నాడు. ఇప్పుడు దానికి తర్కం నేర్పుతున్నాడు. తెలిసిన సంగతులు ఇచ్చి ప్రశ్న అడిగితే, జవాబు అదే వెతుక్కోవాలి.

"ఏం రాస్తాండావప్పా?"

"చుట్టరికాలు. ఎవరు ఎవరి బిడ్డ, ఎవరు పోయినారు, ఇంతే మనం చెప్పేది. ఎవరికి ఎవరు మిగిలినారో మిషనే చెప్పాల."

"చెప్తాందా?"

"దానికి మనుషులు చాల్లేదు. మా ఇల్లు మూడు లైన్లలో అయిపోయె. నాన్న కేశవులు, అమ్మ సుబ్బరత్నమ్మ, వాసుదేవ్ అని నేను. వాళ్ళిద్దరూ పోయినారు."

పెద్దాయన కుర్చీ కంప్యూటర్ దగ్గరికి జరుపుకున్నాడు.

"మా ఇంటోళ్ళ పేర్లు నేను కొట్టేదా? నాకు టైపొచ్చు. ఇన్‌స్టిట్యూట్ నడిపినా. మీ కంప్యూటర్లొచ్చి మూయించినాయి."

"అయితే కొట్టు పెద్దాయనా. ఆ పాపం కొంచెం తగ్గుతాది. నీ పేరు?"

"ఓబుళేశు."

ఎలా కొట్టాలో వాసుదేవ్ చూపించాడు.

"నేను చూడను. చూస్తే జవాబు నా బుర్రే చెప్పేస్తాది. మిషనే కనుక్కోవాల."

"అదే మంచిది. నోటికి రానివి కొన్ని వేళ్ళకొస్తాయి."

వాసుదేవ్ గుమ్మం దగ్గరికి వెళ్ళి ఎండలోకి చూస్తూ నిలబడ్డాడు. వెనక కీబోర్డు టకటకలాడింది.

"ఇన్ని బ్రాకెట్లేందప్పా? మా ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాదంతా కొట్టించినా ఇన్ని కొట్టించలే."

"దాని తిండి అదే పెద్దాయనా."

టకటకలు ఆగాయి.

"అయిపోయె. ఇప్పుడడుగు. వాసుదేవ్‌కు ఎవరుండారని."

"నాకా? నువ్వు కొట్టింది మీ ఇంటోళ్ళ పేర్లు గదా."

"అడుగప్పా."

వాసుదేవ్ అడిగాడు. ఎవరూ లేరు, అంది మిషన్.

"ఇంగోసారి."

మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే జవాబు.

"కరెక్టే చెప్పింది," అన్నాడు వాసుదేవ్. "హాస్టల్లో పెరిగినోణ్ణి. అమ్మ పోయిననాడు రానోళ్ళు ఇప్పుడొస్తే మాత్రం ఏం చేసుకోవాల?"

ఓబుళేశు తెరవైపే చూస్తూ ఉండిపోయాడు.

"నిజమే. వచ్చేవాళ్ళు అప్పుడే రావాల."

లేచి సంచీ భుజానికి వేసుకున్నాడు.

"బండికి టైముంది గదా పెద్దాయనా. కూర్చో, టీ తెప్పిస్తా."

"వద్దులేప్పా. ప్లాట్‌ఫారం మీద కూర్చుంటా."

ఆయన రోడ్డు దాటి స్టేషన్లోకి వెళ్ళిపోయాడు.

గదిలో మళ్ళీ ఫ్యాన్ చప్పుడొక్కటే మిగిలింది. ఊరికే ఉండలేక వాసుదేవ్ ఇంకో ప్రశ్న కొట్టాడు. ఓబుళేశుకు ఎవరున్నారు?

ఎవరూ లేరు.

అతని కనుబొమలు ముడిపడ్డాయి. అంతసేపు కూర్చుని తన వాళ్ళ పేర్లు కొట్టిన మనిషికి ఒక్కరూ లేకపోవడమేమిటి?

తప్పు మనుషుల్లో లేదు, మిషన్లో ఉంది.

పెద్దాయన కొట్టిన పేర్లు తెరవకుండా, తను రాసిన నియమాల్లోనే వెతకడం మొదలుపెట్టాడు. ఒకవైపు ఎవరూ దొరక్కపోతే మిషన్ వెనక్కి వచ్చి ఇంకోవైపు వెతకాలి. ఇది మొదటివైపే ఆగిపోయి, లేరని చెప్పేస్తోంది. తండ్రివైపు చూస్తోంది. తల్లివైపు చూడనే లేదు.

దొరికింది. ఇన్నాళ్ళూ కంటబడని తప్పు దొరికింది. ఈ సంగతి చెప్పుకోవడానికి ఎవరైనా పక్కన ఉంటే బాగుండుననిపించింది.

సరిచేస్తుండగా గుంతకల్లు ప్యాసింజర్ వచ్చింది. అతను తల ఎత్తలేదు. అది కూతవేసి కదిలినప్పుడు మాత్రం, పెద్దాయనది ఏ ఊరో కూడా అడగలేదని గుర్తొచ్చింది.

బండి చివరి పెట్టె స్టేషన్ దాటుతుండగా అదే ప్రశ్న మళ్ళీ కొట్టాడు.

ఓబుళేశుకు ఈ లోకంలో మిగిలిన ఒకే ఒక్క మనిషిని మిషన్ ఈసారి తప్పు లేకుండా చూపించింది: చెల్లెలు సుబ్బరత్నమ్మ కొడుకు, వాసుదేవ్.