ఇరవై సెకన్ల ఫ్యాన్

"ఈ నెత్తి మీది ఫ్యానే అనుకోండి. సెకనుకు ఐదు చుట్లు తిరుగుతుంది. స్విచ్ ఆపితే ప్రతి సెకనుకూ వేగం పావు చుట్టు తగ్గుతుంది. ఎన్ని సెకన్లకు ఆగుతుంది?"

అడిగింది అబిడ్స్ ఎంసెట్ కోచింగ్‌లో ఫిజిక్స్ చెప్పే శ్రీపతి. అరవై గొంతులు "ఇరవై!" అన్నాయి. అంతలోనే కరెంటు పోయింది.

ముందు బెంచీలో కృపాజ్యోతి తలెత్తి ఫ్యాన్‌నూ, చేతి గడియారాన్నీ చూసింది.

"సార్, ఇరవై దాటింది. ఇంకా తిరుగుతనే ఉంది."

"తిరిగితే తిరగనీ. జవాబు ఇరవయ్యే."

"ప్రతి సెకనుకూ ఒక్క తీరుగనే తగ్గుతదని ఎవరు చెప్పిన్రు సార్?"

"పేపర్ సెట్ చేసేటాయన చెప్పిండు! ఆయన చెప్పినంక అడ్డం మాట్లాడనీకి ఫ్యాన్ ఎవరు? గట్ల పైకి చూసేటోళ్లకు ర్యాంకులు రావు. జర తల దించి సూత్రం రాయి."

కృపాజ్యోతి తల దించింది. మిగతా యాభైతొమ్మిది మందికి ఆ కష్టం లేదు. వాళ్లసలు ఎత్తనే లేదు.

శ్రీపతి బోర్డు మీద ఇరవై రాసి, దాని చుట్టూ గీత గీసి, చేతి గడియారం చూసుకుంటూ ఇటు తిరిగాడు. పదకొండేళ్లుగా ఆ ఫ్యాన్ కిందే ఈ లెక్క చెబుతున్నాడు.

ఇప్పుడా గదిలో పైకి చూస్తున్న తల ఒక్కటే. అది అతనిది. పెదవులు సెకన్లు లెక్కపెడుతున్నాయి.

"యాభై ఒకటి... యాభై రెండు..."