మా నాయన తోట

శాంతిపురం దగ్గర ఒక ఊళ్లో, పాలకేంద్రం ముందు నలభై మంది రైతులు కూర్చున్నారు. అందరిదీ ఒకటే మాట. టమోటా తోటలు పీకేస్తాం.

పూత పూస్తోంది, రాలిపోతోంది. కాయ నిలవడం లేదు. ఇప్పుడే పీకేసి ఇంకేదైనా నాటుకుంటే ఈ పంటకాలమన్నా దక్కుతుంది. ఆలస్యమైతే అదీ ఉండదు.

వాళ్ల ఎదురుగా కౌసల్య నిలబడి ఉంది. వాళ్లు నాటిన టమోటా విత్తనాల కంపెనీకి ప్రచారం చూసే మేనేజరు. పదకొండేళ్ల కిందట మదనపల్లె టమోటా మార్కెట్లో కరపత్రాలు పంచుతూ ఉద్యోగం మొదలుపెట్టింది. ఇప్పుడు రైతులకు ఏం చెప్పాలో, పత్రికలకు ఏం చెప్పాలో అంతా ఆమే చూసుకోవాలి.

పొద్దున్నే బెంగళూరు నుంచి పెద్దసారు ఫోన్ చేశాడు.

"పదిహేను రోజులు పీకకుండా ఆపండి. పీకేసిన తోట ఫోటో ఒక్కటి పేపర్లో వచ్చినా, మీరిక ఆఫీసుకు రానక్కర్లేదు."

భయం వేయాలి. వేయలేదు. పళ్ల డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో, నాలుగు రోజులుగా ఆమె మనసు అలా ఉంది.

"కంపెనీవాళ్లు ఎన్నైనా సెప్తారు. మునిగేది మేము గదా!" అన్నాడు మునెప్ప. రెండెకరాలు నాటిన మనిషి. కోపం ముక్కు మీదే ఉంది.

"నేనూ రైతు బిడ్డనే అన్నా. మాది పుంగనూరు పక్కన, సదుం పోయే దావలో. మా నాయన ఎకరన్నరలో ఇదే విత్తనం పెట్టినాడు."

"ఈ మాట అందరూ సెప్పేదేలేమ్మా."

మారెమ్మ అనే ముసలామె లేచి వచ్చింది. కౌసల్య చేతులు పట్టుకుని తిప్పి చూసింది. గోళ్ల సందుల్లో ఆకుపచ్చని నలుపు. ఎంత సబ్బు రుద్దినా పోని రకం.

"ఒరే మునెప్పా, ఈడ సూడు. టమోటా పసురు. తోటలో వంగి పనిచేసిన బిడ్డేరా ఇది."

జనం కాస్త మెత్తబడ్డారు. మునెప్ప మాత్రం వదల్లేదు.

"అయితే మీ నాయనకు ఫోన్ చెయ్. మేమే అడగతాం."

కౌసల్య ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"నాయనా, శాంతిపురం రైతులుండారు. మన తోట సంగతి అడగతాండారు. సెప్పు."

అవతల ఆమె తండ్రి ఆదెప్ప దగ్గాడు. గొంతు సర్దుకున్నాడు.

"మాదీ మొదట్లో అంతేనప్పా. పూతంతా రాలిపాయ. పీకేద్దామనుకొంటి. మా బిడ్డ ఆగమనె, ఆగితి. ఇప్పుడు కొమ్మకు నాలుగైదు కాయలుండాయి."

"నీళ్లెట్ల పెడతాండావు?"

"దినమిడిచి దినం. ఎక్కువ పెట్టగాకండి."

"ఇంగెన్ని దినాలు ఆగల్ల?"

"ఓ పదైదు దినాలు సూడండప్పా."

కంపెనీ మనిషి గంటసేపు చెప్పినా ఎక్కనిది ఆ ముసలి గొంతు రెండు నిమిషాల్లో ఎక్కించేసింది. మునెప్ప పక్కవాళ్ల ముఖాలు చూశాడు.

"సరేమ్మా. నీ మాట మీద కాదు. ఆయన మాట మీద ఆగతాం."

ఎవరో టీ తెచ్చిచ్చారు. కౌసల్య తాగింది. చక్కెర వేశారో లేదో కూడా తెలియలేదు. అందర్నీ వరసగా నిలబెట్టి ఫోటో తీసింది. 'తోటలు పీకం: రైతుల నిర్ణయం' అని కింద రాసి విలేకరులందరికీ పంపేసింది. మారెమ్మ ఆమె తల నిమిరి, "సల్లగా ఉండుమ్మా" అంది.

కారు కుప్పం వైపు కదిలింది. పెద్దసారు ఫోన్ చేసి శెభాష్ అన్నాడు. థాంక్యూ సార్ అంది. ఆ మాట ఎవరో వేరేవాళ్లు అన్నట్టుగా వినిపించింది ఆమెకు.

కాసేపటికి తండ్రి ఫోన్.

"ఒప్పుకొనిరా?"

"ఒప్పుకొనిరి నాయనా."

"నీ ఉద్యోగానికేం కాదు గదా?"

"ఏం కాదు."

కిటికీ బయట పసుపుపచ్చని పూతతో తోటలు వెనక్కి పోతున్నాయి.

"సరేలేమ్మా, పోయిన ఆదివారం మనిద్దరం పీకి గట్టున పడేసిన టమోటా చెట్లు బాగా ఎండినాయి, రేపు అగ్గి పెట్టేస్తా" అన్నాడు ఆదెప్ప.