మట్టి అంటని పార

నక్కలు కోళ్లను మానేసి దస్తావేజులు రాసుకుని బతికిన రోజులవి. పని మారింది గాని బుద్ధి మారలేదనుకోండి. వాన ముంచుకొస్తోంది. పిల్లలున్న బొరియ చుట్టూ గట్టు పోసుకోవాలని కుందేలమ్మ పందికొక్కును పార అద్దెకడిగింది. నక్క ఒప్పందం రాసింది: "పారకు మట్టి అంటరాదు, తడి తగలరాదు."

"మరి తవ్వడమెలా బాబాయ్?" అంది కుందేలు.

"అది నీ తంటా అమ్మాయ్. ముందు వేలిముద్ర వెయ్యి," అంది పందికొక్కు.

కుందేలు వేసింది. పారను ఆకుల్లో చుట్టి చెట్టుకు కట్టి, గట్టంతా గోళ్లతోనే తవ్వి పోసింది. పిల్లలు బతికాయి.

తెల్లారి పందికొక్కు తళతళలాడే పారను చూసుకుని, "నా పారే లేకపోతే నీ సంసారం ఏమయ్యేదో!" అంటూ అద్దె కింద వేరుసెనగకాయలు మూటగట్టుకుంది.

నెత్తురోడుతున్న కాళ్లతోనే కుందేలు దండం పెట్టింది. "వచ్చే వానకు కూడా పార నాకే ఇవ్వు బాబాయ్!"