మొదటివాడి సీసా

వెల్డర్ తన వియ్యంకుడి మెడ పట్టుకుని మరుగుదొడ్డిలోకి నెట్టి, తనూ లోపలికి దూరి గడియ పెట్టాడు. ఇద్దరి ఒంటి మీదా ఈత చెడ్డీలూ, తలకు ఈత టోపీలూ తప్ప మరేమీ లేవు. ఒళ్లింకా ఆరలేదు.

"బావగారూ, మారుమాట్లాడకుండా ఈ సీసా నింపండి."

"ఇదేం మోటు సరసం బావగారూ!" అన్నారు డ్రిల్లు మాస్టారు.

సరసం కాదు. పది నిమిషాల కిందటే అరవై అయిదు దాటినవాళ్ల రెండు వందల మీటర్ల ఈత పోటీలో వెల్డర్ మొదట వచ్చాడు. మాస్టారు జానెడు తేడాలో రెండో స్థానం. గెలిచినవాడి మూత్రం పరీక్షకు పంపుతారన్న సంగతి, ఏనాడూ ఏడో ఎనిమిదో స్థానం దాటని వెల్డర్‌కు ఇవాళే తెలిసింది. మూడు నెలలుగా జిమ్ములో వేయించుకుంటున్న సూదిమందు బయటపడితే నాలుగేళ్లు కొలను గేటు దాటనివ్వరు. అరవై ఏడేళ్లవాడికి నాలుగేళ్లంటే యావజ్జీవమే. పతకం పోతే పోయింది, నీళ్లలో దిగకపోతే ఆ మోకాళ్లు నెల తిరక్కుండా మంచం పట్టిస్తాయి.

పరీక్ష అధికారి ఆడమనిషి కావడంతో బట్టలు మార్చుకునే గది గుమ్మం బయటే ఆగిపోయింది. ఉన్న అవకాశం అదొక్కటే.

"మీ ఒంట్లో మొలకలూ మంచినీళ్లూ తప్ప ఏముంటాయి? ఒక్క సీసా ఇస్తే మీ సొమ్మేం పోయింది?"

"కుదరదు. పొడులూ సూదులూ కాదు బాబూ, పద్ధతి ముఖ్యమని నెత్తీ నోరూ బాదుకున్నాను. ఈదేటప్పుడు మోచెయ్యి పైకి లేపి నీళ్లు వెనక్కి తోయమన్నాను. చెవిన పెట్టారా?"

అసలే కాలుతున్నవాడికి పాఠం చెబితే ఇంకేముంది! వెల్డర్ పిడికిలి మాస్టారి మూతి మీద పడింది. పెదవి చిట్లి, తెల్లటి పలకల మీద నెత్తురు చిందింది. మాస్టారు తక్కువ తిన్నారా? మోకాలితో పొట్టలో ఒక్కటిచ్చారు. జుట్టు దొరక్క చెవులు రెండూ పట్టుకుని తలను గోడకేసి కొట్టారు. వెల్డర్‌కు పట్టపగలే చుక్కలు కనిపించాయి. అరవై ఎనిమిదేళ్ల మనిషిలో ఇంత బలమేమిటని అతను బిత్తరపోయేలోగా, ఆయన నీళ్ల ట్యాంకు మీది పింగాణీ మూత ఎత్తి విసిరారు. అది వెల్డర్ చెవిని చీల్చుకుంటూ పోయి తలుపుకు తగిలి ముక్కలైంది.

"లోపల ఏమిటండీ ఆ చప్పుడు?" బయటినుంచి అధికారి అరిచింది.

"ఏం లేదమ్మా, చెయ్యి తగిలి మూత పడింది! ఈ వయసులో చప్పున రాదు తల్లీ, కాస్త ఓపిక పట్టు!" అన్నాడు వెల్డర్, చెవినుంచి కారుతున్న నెత్తురు తుడుచుకుంటూ.

తర్వాత మాస్టారి కుడిచెయ్యి దొరకబుచ్చుకుని వెనక్కి మెలిపెట్టాడు.

"మోచెయ్యి పైకి అంటే ఇంతేనా మాస్టారూ? ఇంకొంచెం లేపాలా?"

భుజంలో ఏదో పటుక్కుమంది. కేక బయటికి పోకుండా తన తల మీది ఈత టోపీ తీసి ఆయన నోట్లో కుక్కాడు. మాస్టారి కళ్లనుంచి నీళ్లు బొటబొటా రాలాయి. అయినా తల అడ్డంగానే ఊపుతున్నారు.

వెల్డర్ ఆ తలను నిండు బకెట్టులో ముంచాడు. నలభై లెక్కపెట్టేసరికి కాళ్లు కొట్టుకోసాగాయి. పైకి లేపి టోపీ లాగాడు.

"బావగారూ... మీ అమ్మాయి... మా ఇంటి కోడలు! రేపు మొహాలెలా చూసుకుంటాం?"

"చూసుకోవద్దు. సీసా నింపండి."

"వద్దు. నా మాట వినండి... నష్టపోయేది మీరే."

మళ్లీ ముంచాడు. ఈసారి చాలాసేపు ఉంచాడు. ప్రాణం పోతుందేమోనని ఒక్క క్షణం అనిపించినా చెయ్యి తీయలేదు. లేపాక మాస్టారు దగ్గి, నీళ్లు కక్కి, పలకల మీద కూలబడ్డారు. పనిచేసే ఎడమచేత్తో సీసా అందుకున్నారు.

స్నానాల గదిలో కాలు జారి పడ్డానని మాస్టారు ఊరందరికీ చెప్పుకున్నారు. పోలీసుల దాకా పోలేదు, ఇంట్లో కోడలితో కూడా పొల్లు మాట అనలేదు. పిల్లల కాపురం కోసం ఇంతటి అవమానం దిగమింగుకున్నారు, మనిషంటే ఈయనేననుకుని వెల్డర్ సిగ్గుతో చచ్చిపోయాడు. పరీక్ష ఫలితానికి పట్టిన మూడు వారాలూ తనే దగ్గరుండి ఆయన్ని ఆస్పత్రికి తిప్పాడు.

ఫలితం వచ్చిందని క్లబ్బునుంచి కబురు రాగానే, ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లాడు. పతకం ఆ చేతుల మీదుగానే తీసుకోవాలని అతని కోరిక.

అధికారి కాగితం చూసి కళ్లద్దాలు తీసేసింది.

"నాలుగు రకాల నిషేధిత మందులండీ! ఇన్ని కలిపి వాడినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు. నాలుగేళ్లు కాదు, మిమ్మల్ని శాశ్వతంగా నిషేధించారు."

నోరు తెరిచి నిజం చెబితే ఆ మరుగుదొడ్డిలో చేసిందంతా చెప్పాలి. వెల్డర్ మెల్లగా వియ్యంకుడి వైపు తిరిగాడు.

మాస్టారు కట్టుకట్టిన చేతివైపు చూసుకుంటూ గొణిగారు:

"సీసా మొదటివాడికే ఇస్తారని తెలిసే కదా బావగారూ, ఏటా నేను రెండో స్థానం దగ్గర ఆగిపోయేది!"