నీటిమీద రెక్కదెబ్బ

రండర్రా, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. వెనకున్నవాళ్లు కూడా ముందుకు రండి.

ఒక చెరువులో బాతు పంతులమ్మ పిల్లలకు పాఠం చెప్పేది. తను "గద్దరోయ్!" అని అరవగానే అందరూ బుడుంగున మునగాలి. చుక్కి అనే పిల్ల మాత్రం పుట్టుచెవిటిది. పక్కవాళ్లను చూసి ఆఖర్న మునిగేది. అందరూ నవ్వి పాఠం పాడుచేస్తున్నారని పంతులమ్మ దాన్ని దూరంగా, తుంగ పక్కన విడిగా కూర్చోబెట్టింది.

మధ్యాహ్నాలు ఆ పిల్లలకు ఈత నేర్పే తాబేలు తాత ఒకరోజు పంతులమ్మ దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, నీళ్లు కదిలితే చాలు, చుక్కి కాళ్లకు తెలిసిపోతుంది. అరిచేటప్పుడు రెక్కతో నీళ్లమీద ఒక్క దెబ్బ కొట్టరాదూ?"

"నీ పాఠం నీది తాతా, నా పాఠం నాది. ఒక్కదాని కోసం ఇరవైమందికీ మార్చనా?" అంది పంతులమ్మ.

మర్నాడే గద్ద వచ్చింది. పంతులమ్మ గొంతు చించుకుని అరిచింది. అందరూ మునిగారు. చుక్కి ఒక్కతే అటు తిరిగి నాచు ఏరుకుంటోంది. అప్పుడు గుర్తొచ్చింది పంతులమ్మకు తాత మాట. రెక్క ఎత్తి కొట్టింది. ఆ అల తుంగదాకా వెళ్లేలోగా గద్ద వాలి చుక్కిని తన్నుకుపోయింది. అంత దూరాన కూర్చోబెట్టింది తనే.

ఇప్పుడా చెరువులో చెవిటిపిల్లలెవరూ లేరు. అయినా పంతులమ్మ అరిచే ముందు ప్రతిసారీ రెక్కతో నీళ్లమీద కొడుతుంది. ఎందుకమ్మా అని పిల్లలడిగితే, తుంగవైపు చూస్తుంది.

ఇక లేవండర్రా, ఇళ్లకెళ్లి అన్నాలు తినండి. నెమ్మదిగా నడిచేవాళ్లతో పాటే నడవండి.