కొత్తవాడి గుండు

బెర్గామో పట్టణపు అనాథాశ్రమంలో కొత్త పిల్లలకు గుండు గీసేది అక్కడే పెరిగిన తాదేయో. ప్లేగు సోకిన ఊరి నుంచి ఫాదర్ అన్సెల్మో భుజాన మోసుకొచ్చిన జెర్వాసో అనే పిల్లవాణ్ణి చూసి, కత్తి నూరడం ఆపాడు.

“వీడు మా బాబాయి కొడుకు, ఫాదర్. నన్ను మంచులోకి గెంటినవాడి కొడుకు.”

“తెలుసు. గుండు నువ్వే గియ్యి,” అని ఆయన తలుపు మూసి వెళ్లిపోయాడు.

తాదేయో పిల్లవాడి మెడ వంచాడు.

“నేను తలుపు బాదుతుంటే వెచ్చగా పడుకున్నావు కదరా. ఇవాళ మీ నాన్నను పిలు, వచ్చి ఆపుతాడేమో.”

“నాన్న చచ్చిపోయాడు అన్నయ్యా.”

తాదేయో తల తడపకుండానే గీశాడు. చెవి వెనక పాత మచ్చ బయటపడింది.

“ఇదేంట్రా?”

“నాన్న పొయ్యి కడ్డీతో కొట్టాడు. ఆ రోజు నీకోసం తలుపు తియ్యబోయాను.”

తాదేయో ఆ మచ్చ మీద బొటనవేలు ఉంచాడు.

“కదలకు. ఇక్కడ మెల్లగా గియ్యాలి.”