చింతపండుతో తోమిన బాకు

పెళ్ళయ్యాక తొలి దసరా. పరాయి దేశంలో, తమ క్రోయిడన్ ఫ్లాట్‌లో ఆయుధపూజకు కూరల కత్తి తప్ప ఆయుధమే లేదని నవ్వుకుంటున్న నీలిమకు, భర్త హర్షవర్ధన్ వేలంలో కొన్న ప్రాచీన పర్షియా కంచు బాకు గుర్తొచ్చింది. పొద్దుగూకాక దాన్ని చింతపండుతో బాగా తోమింది. పచ్చటి చిలుమంతా పోయి బంగారంలా మెరిసింది. మురిసిపోతూ, ఆసుపత్రిలో నైట్ షిఫ్ట్‌లో ఉన్న అతనికి ఫోన్ చేసింది.

"తోమేశావా! మీ అమ్మ ఇచ్చిన దీపపు కుంది అనుకున్నావా నీలూ? ఆ చిలుముకి మూడు వేల ఏళ్ళు!"

నీలిమ ఏడ్చేసింది. "సారీ హర్షా."

"పోనీలే, ఏడవకు. పిడి నీ చేతికి పట్టిందా?"

"లేదు. మరీ చిన్నది."

"పట్టదు. ఎవరో పసివాడి సమాధిలోది. వాడి చేతిలో పెట్టి పూడ్చారట."

ఫోన్ పెట్టేశాక వంటిల్లు నిశ్శబ్దమైంది. తడి తుడుస్తుంటే పిడి వెచ్చగా తగిలింది. దాని మీద నాలుగు బుల్లి వేళ్ళ ముద్రల్లా చిలుము మళ్ళీ పచ్చగా పాకుతోంది. గుడ్డతో రుద్దబోయింది. ఎవరో బాకును లాగారు. బలంలేని లాగుడు, బొమ్మ లాక్కుంటే పసిపిల్లలు లాగినట్టు. ఆమె నడుము ఎత్తున, పక్కనే, వెక్కిళ్ళు వినిపించాయి.

భయం కంటే ముందు ఆమెకు దుఃఖం వచ్చింది. వాడికి మిగిలింది ఇదొక్కటే.

"తీసుకో నాన్నా, నీదే," అంటూ వేళ్ళు వదిలేసింది.

బాకు నేల మీద పడిన చప్పుడు కాలేదు.